మనోవ్యాధి – మందు – సంసారము



మా కార్యాలయమునకు వచ్చు ఉత్తరములలో పేరు వ్రాయనివి కొన్ని యుండును. సాధారణముగా అట్టివానిని ప్రక్కన పెట్టుదుము. ఇటీవల వచ్చిన ఒక ఉత్తరమును మాత్రము అట్లు ప్రక్కన పెట్టుటకు మనసొప్పలేదు. కవరుపై తపాలా ముద్ర వరికుంటపాడుది. వ్రాసినది ఒక ఇల్లాలు. పెండ్లియై నాలుగేండ్లు అయినదట. సంతానము లేదు. రెండేండ్లు వరుసగా వాన తప్పినది, బోరు ఎండినది, అప్పు మిగిలినది. ఆమె భర్త మెల్లమెల్లగా మాట మానినాడు. తెల్లవారుజామున మూడు గంటలకే మేలుకొని మంచముపై కూర్చుండెడివాడు. చేనికి పోవుట మానినాడు, అన్నము మానినాడు, తన బ్రతుకు ఎవరికిని పనికిరాదని అనసాగినాడు. ఆమె అన్న అతనిని నెల్లూరు తీసికొనిపోయి మానసిక వైద్యునకు చూపినాడు. రెండు నెలలు మాత్రలు వాడిన పిమ్మట నిద్ర వచ్చినది, ఆకలి వచ్చినది, మనిషి మరల చేనిలో దిగినాడు. కాని దాంపత్య విషయమున పూర్తిగా చల్లబడినాడు. ఈ మాట ఎట్లో అత్తగారి చెవిని పడినది. "ఆ బిళ్ళలే నా బిడ్డ మగతనాన్ని తినేస్తుండాయి" అని ఆమె మాత్రలు మాన్పించినది. మూడు వారములు గడువకముందే అతడు మరల మంచము పట్టినాడు. బంధువులు మరొక సంబంధము మాట ఎత్తుచున్నారు.

ఉత్తరము చివర ఆమె వ్రాసిన వాక్యములను ఉన్నవి ఉన్నట్లు చదివెదను. "మందు మింగితే మనిషి దక్కుతాడు, సంసారం దక్కదు. మానేస్తే సంసారం మాట దేవుడెరుగు, మనిషే దక్కడు. నేనేం చేసేదో చెప్పండి."

నేను వైద్యుడను కాను. ఐనను ఈ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. కనుక వైద్యశాస్త్రము నేడు ఈ విషయమున ఏమి చెప్పుచున్నదో తెలిసికొని, ఆ సోదరికిని, ఆమెవలె ఉత్తరము కూడ వ్రాయలేనివారికిని మనవి చేయుచున్నాను. పిల్లలు వినరాని మాటలు ఇందులో లేవు. పెద్దలు సిగ్గుపడి వినక మానవలసిన మాటలును లేవు.

నెల్లూరు అనగానే మనకు వరిచేలు, పెన్న కాలువలు తలపునకు వచ్చును. కాని జిల్లా పడమటి భాగము, వెలిగొండల క్రింది ఉదయగిరి సీమ, వేరు లోకము. అది మెట్ట. ఆకాశమును నమ్ముకొన్న సేద్యము, బోరు నమ్మించి మోసగించిన అప్పు, పనికై పట్టణములకు వలస. అక్కడనుండి నెల్లూరు పోయి వైద్యుని చూచి వచ్చుటయనగా ఒక దినపు కూలి పోవును, బస్సు ఖర్చు తగులును. కనుక మనసు చెదిరినవారిని ముందుగా దేవుని సన్నిధికి తీసికొనిపోవుట పరిపాటి. ఆత్మకూరునకు సమీపమున నున్న అనుమసముద్రంపేట దర్గాకు హిందువులు, ముస్లిములు అను భేదము లేక ఎందరో బాధితులు వచ్చి మ్రొక్కుకొందురు. ఈ విశ్వాసమును నేను తక్కువ చేయను. గుజరాతులోని ఉనావా గ్రామమున మీరా దాతార్ దర్గా కలదు. అచ్చట ప్రార్థనకు వచ్చినవారికే వైద్యులు మందులు కూడ ఇచ్చు ఏర్పాటు చేసినారు. దువా, దవా, రెండును కలిసి నడువవచ్చునని దాని భావము. మ్రొక్కు చెల్లించుటకై మాత్ర మానవలసిన పనిలేదు.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. వైద్యులు డిప్రెషన్ అని, మనము కుంగుబాటు అని చెప్పుకొను ఈ వ్యాధి సోమరితనము కాదు, పిరికితనము కాదు, గాలి సోకుటయు కాదు. కనీసము రెండు వారములపాటు దినమంతయు మనసు క్రుంగియుండుట, ఇష్టమైన పనులపై ఇష్టము పోవుట, నిద్ర, ఆకలి చెడుట, ఒడలు బరువెక్కుట, తాను పనికిరానివాడననుకొనుట, చావు తలపులు, ఇవి దాని గుర్తులు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16 సంవత్సరములలో 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ సర్వే ప్రకారము, ప్రతి 20 మంది పెద్దలలో ఒకరు జీవితమున ఎప్పుడో ఒకప్పుడు దీని పాలబడినవారే. అట్టివారిలో నూటికి సుమారు 85 మందికి వైద్యము అందలేదు.

ఈ గుర్తులలో ఒకదానిని మరల గమనింపుడు: ఇష్టమైన పనులపై ఇష్టము పోవుట. అన్నముపై ఇష్టము పోయినప్పుడు భార్యపై ఇష్టము మాత్రము నిలుచునా? స్త్రీయైనచో భర్తపై ఇష్టము నిలుచునా? కామేచ్ఛ తగ్గుట ఈ వ్యాధి లక్షణములలోనే ఒకటి. ఒక్క మాత్రయైన మింగకముందే అది మొదలగును. కాని ఆ దశలో ఇంటిల్లిపాదియు మనిషి ప్రాణమునకై భయపడుచుందురు గనుక దానిని ఎవరును లెక్కింపరు. మందుచే నిద్ర, ఆకలి తిరిగివచ్చి, ఇది మాత్రము రాకపోయినప్పుడు అందరి కన్ను దానిపై బడును. నింద మాత్రపై బడును.

ఆ నింద పూర్తిగా అబద్ధమా అనినచో, కాదు. మందులోను దోషము కలదు. ఆ సంగతి దాచుటచే మేలు లేదు.

ఈ మందుల పుట్టుక విచిత్రమైనది. 1952లో న్యూయార్కు నగరమునకు చెందిన స్టేటెన్ ద్వీపములోని సీవ్యూ ఆసుపత్రిలో క్షయరోగులకు ఐప్రోనయజిడ్ అను మందు ఇచ్చి చూచినారు. మంచములు పట్టియున్నవారికి ఉత్సాహము వచ్చి నాట్యము చేసినారట. దాని సోదర ఔషధమైన ఐసోనయజిడ్‌ను క్షయకు మన ఊళ్ళలో నేటికిని వాడుచున్నాము. ఇంచుమించు అదే కాలమున స్విట్జర్లాండులో రోలండ్ కూన్ అను వైద్యుడు ఇమిప్రమిన్ అను మరొక మందు కుంగుబాటును తగ్గించుటను గమనించి 1957లో ప్రకటించినాడు. 1987లో అమెరికాలో ఫ్లుయోక్సెటిన్‌కు అనుమతి లభించినది. నేడు విరివిగా వ్రాయు సెర్‌ట్రలీన్, ఎస్సిటలోప్రామ్, పారోక్సెటిన్ మున్నగునవి ఆ కోవలోనివే. పల్లెలలో వీనినన్నిటిని నిద్రమాత్రలని పిలుచుట వాడుక. అది పొరపాటు. ఇవి మత్తు మందులు కావు. నిద్రమాత్రలవలె అలవాటు పడి, నానాటికి మోతాదు పెంచుమని పీడించునవియు కావు.

మెదడులోని నరముల నడుమ వార్తలు మోయు సెరటోనిన్ అను పదార్థమును ఇవి ఎక్కువసేపు నిలుచునట్లు చేయును. ఆ సెరటోనినే కామోద్రేకమునకు కళ్ళెము వంటిది. అందుచే కొందరికి కోరిక తగ్గును. పురుషులలో అంగస్తంభనము బలహీనపడవచ్చును. వీర్యస్ఖలనము మిక్కిలి ఆలస్యమగుట, ఒక్కొక్కప్పుడు కాకపోవుట, తరచుగా కనబడును. స్త్రీలలో కోరిక, తడి తగ్గుట, సుఖము పరాకాష్ఠ నందకపోవుట జరుగును. ఇంకొక చిక్కేమనగా, ఈ దోషములు మందు మొదలిడిన కొలది దినములలోనే తలయెత్తవచ్చును. మనసు తేరుకొనుటకు మాత్రము రెండు మొదలు ఆరు వారములు పట్టును. నష్టము ముందు, లాభము వెనుక.

ఇది ఎందరికి కలుగును? ఈ ప్రశ్నకు సమాధానముగా 1997లో ప్రకటింపబడిన ఒక స్పెయిను దేశపు పరిశోధనను చెప్పెదను. ఈ తరగతి మందులు వాడుచున్న 344 మందిని గమనించినారు. ఎవరును అడుగకుండ తమంతట తాము ఈ బాధను చెప్పుకొన్నవారు నూటికి 14 మంది. వైద్యుడు సూటిగా అడిగినప్పుడు ఔనన్నవారు నూటికి 58 మంది. శ్రోతలారా, ఈ రెండు సంఖ్యల నడుమనున్న అంతరమే నేటి నా ప్రసంగమునకు మూలము. ఆ మిగిలిన 44 మంది అడిగినవాడు లేక ఊరకున్నవారు. స్పెయినులోనే అట్లున్నచో, వెనుక వరుసలో ముప్పదిమంది రోగులు నిలిచియుండగా, ప్రక్కన మామగారో బావమరిదియో కూర్చుండగా, మన రైతు ఏమని చెప్పగలడు? చెప్పడు. ఇంటికి వచ్చి మాత్రలు గుట్టుగా మానును. ఆ మానుటతోనే వ్యాధి తిరుగబెట్టును.

చెప్పినచో ఏమగును? వైద్యునకు చేయదగిన పనులు పెక్కు గలవు. కొందరికి ఈ దోషము కాలక్రమమున తగ్గును గనుక కొంత వేచి చూడవచ్చును. మోతాదు తగ్గింపవచ్చును. మందునే మార్చవచ్చును. బ్యూప్రోపియాన్, మిర్టాజపిన్ వంటివానిలో ఈ దోషము తక్కువ. స్తంభన దోషమునకు తోడుగా వేరు మందు ఈయవచ్చును. దానిని మాత్రము అంగడిలో కొని స్వయముగా మింగరాదు. గుండెనొప్పికి నైట్రేటు మందులు వాడువారికి అది ప్రాణాంతకము కాగలదు. మధుమేహము, రక్తపోటు, థైరాయిడు లోపము, సారాయి, పొగాకు కూడ ఇట్టి బలహీనతను కలిగించును. నేరమంతయు మానసిక వైద్యుని చీటీపై మోపుటకు ముందు ఆ పరీక్షలు చేయింపవలెను.

మరొక సత్యము కూడ చెప్పవలెను. బహు కొలదిమందికి మందు మానిన పిమ్మట కూడ ఈ లోపము చాలకాలము నిలిచియున్నట్లు వార్తలు కలవు. 2019లో ఐరోపా ఔషధ సంస్థ ఆ హెచ్చరికను మందుతో వచ్చు కాగితములో చేర్పవలెనని చెప్పినది. అది ఎందరికి సంభవించునో ఇంకను తేలలేదు. మందు మొదలిడునాడే ఈ విషయము అడిగి తెలిసికొను హక్కు రోగికి గలదు.

ఇప్పుడు సంతానపు మాట. దాంపత్యసుఖము వేరు, సంతానయోగ్యత వేరు. మొదటిది కొరవడినను రెండవది చెక్కుచెదరక యుండవచ్చును. ఐతే కలయికయే లేనిచోట, స్ఖలనమే కానిచోట బిడ్డ యెట్లు కలుగును? మాత్రలవలన సంతానము ఆలస్యమగుటకు తరచుగా కనబడు కారణమిదియే. బీజముపై మందు ప్రభావమును గూర్చియు పరిశోధనలు కలవు. 2010లో ప్రకటింపబడిన న్యూయార్కు పరిశోధన ఒకటి 35 మంది ఆరోగ్యవంతులైన పురుషులకు అయిదు వారములు పారోక్సెటిన్ ఇచ్చి చూచినది. వీర్యకణముల సంఖ్య తగ్గలేదు. కాని వాని లోపలి డి.ఎన్.ఎ. పోగులు తెగుట సగటున నూటికి 13.8 నుండి 30.3 వరకు పెరిగినది. దానివలన సంతానము తగ్గునా అను సంగతిని ఆ పరిశోధన చూడలేదు. వారిలో కలిగిన దాంపత్యలోపములు మాత్రము మందు ఆపిన పిదప చాలవరకు సరిపడినవి. వీర్యకణములు పంటవలె విడతలు విడతలుగా క్రొత్తగా తయారగుచుండును. ఒక విడతకు సుమారు రెండున్నర నెలలు పట్టును. కనుక బిడ్డను కోరు పురుషుడు ఆ మాట ముందుగా వైద్యునితో చెప్పి, తగిన మందు, తగిన కాలము నిర్ణయించుకొనవలెను.

మందు మాన్పించి బిడ్డను పొందవచ్చునను పెద్దలు మరొక సంగతి వినవలెను. వ్యాధియే సంతానమునకు అడ్డు కావచ్చును. 2018లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు, సంతానమునకై చికిత్స పొందుచున్న దంపతులను పరిశీలించినారు. పురుషునకు తీవ్రమైన కుంగుబాటు ఉన్న జంటలలో గర్భధారణావకాశము, అది లేని జంటలకంటె నూటికి 60 వంతులు తక్కువగా కనబడినది. స్త్రీ కుంగుబాటువలన అట్టి తగ్గుదల కనబడలేదు. సెరటోనిన్ తరగతి మందులు వాడిన స్త్రీలలోను కనబడలేదు. ఆ పరిశోధనలో తీవ్రమైన కుంగుబాటు గల పురుషులు కొద్దిమందియే గనుక దీనిని తుది తీర్పుగ గైకొనరాదు. ఐనను కోడలిని నిందించుటకు ముందు ఆలోచింపదగిన సంగతి. సంతానలేమి గల జంటలలో ఇంచుమించు సగము చోట్ల పురుషునిలోని లోపము పూర్తిగనో కొంతగనో కారణమగుచున్నది. వీర్యపరీక్ష నొప్పిలేనిది, ఖర్చు తక్కువది. అది చేయింపక మరొక పెండ్లి మాట ఎత్తుట అన్యాయము. రెండవ భార్య వచ్చినను భర్త వ్యాధి అదే కదా!

స్త్రీయే మందు వాడుచున్నచో జాగ్రత్తలు వేరు. గర్భము నిలిచినదని తెలిసిన దినముననే భయపడి మాత్రలన్నియు పారవేయుట మంచిది కాదు. వ్యాధి తిరుగబెట్టినచో తల్లికిని, గర్భమునకును హాని కలదు. ముందుగా చెప్పినచో వైద్యుడు అనుకూలమైన మందును ఎంచును. పారోక్సెటిన్ వంటివానిని వీలైనంతవరకు తప్పించి, చిరకాల పరిచయము గల సెర్‌ట్రలీన్ వంటివానిని తరచుగా వ్రాయుదురు. మనసు ఒకప్పుడు ఉప్పొంగి ఒకప్పుడు క్రుంగు వ్యాధికి ఇచ్చు వాల్‌ప్రొయేట్ విషయమున మాత్రము హెచ్చుగా జాగ్రత్తపడవలెను. అది గర్భస్థ శిశువు వెన్నుకు, మెదడుకు కీడు చేయును. కొన్ని ఇతర మానసిక ఔషధములచే ప్రోలాక్టిన్ అను రసము పెరిగి ముట్టు నిలిచిపోవచ్చును. అది గర్భము కాదు, గొడ్రాలితనము కాదు. మందు మార్చినచో సాధారణముగా సరిపడును.

ఇచ్చట ఒక పాత భయమును కూడ ముట్టవలసియున్నది. ధాతువు పోయిన బలము పోవునను నమ్మకము మన దేశమున బహు ప్రాచీనము. కుంగుబాటుతో నీరసించిన యువకులు ఎందరో, తమ నీరసమునకు ధాతునష్టమే కారణమని తలచి క్రుంగిపోవుదురు. 1960లో ఆచార్య ఎన్. ఎన్. విగ్ ఈ బాధను ధాతు లక్షణముగా పేర్కొని వైద్యుల దృష్టికి తెచ్చినారు. గోడలపై ప్రకటనలు వ్రాయించి, పురుషత్వము తిరిగి ఇచ్చెదమని డబ్బు గుంజువారు ఈ భయము మీదనే బ్రతుకుచున్నారు. వారి గుళికలకు పెట్టు డబ్బుతో నెల్లూరు నాలుగుసార్లు పోయి రావచ్చును.

వరికుంటపాడు సోదరీ, ఇక నీ ప్రశ్నకు సమాధానము. మనిషి, సంసారము, ఈ రెంటిలో ఒకటి ఎంచుకొమ్మని శాస్త్రము నిన్ను అడుగుట లేదు. ముందు మనిషిని నిలుపుము. మానిన మాత్రలను మీరై మరల మొదలిడక, వెంటనే అదే వైద్యుని వద్దకు తీసికొనిపొమ్ము. హఠాత్తుగా మానినచో తల తిరుగుట, నిద్ర చెడుట, ఒడలిలో విద్యుత్తు తగిలినట్లగుట కూడ కలుగవచ్చును. మానవలసి వచ్చినను మెల్లమెల్లగా తగ్గింపవలెను. ఈసారి నీవు కూడ లోపలికి పొమ్ము. నోట రాకపోయినచో ఒక చీటీపై మూడు వాక్యములు వ్రాసి వైద్యుని చేతికిమ్ము: మందుచే నిద్ర, ఆకలి బాగుపడినవి, దాంపత్యము చెడినది, మాకు బిడ్డ కావలెను. ఆ చీటీ చదివిన వైద్యుడు నిన్ను తప్పుగా అనుకొనడు. నెల్లూరులో 2014లో నెలకొల్పిన ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది, దాని ఆసుపత్రికి పోవచ్చును. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము, 2018 మే 29 నుండి అమలులో నున్నది, రోగి సంగతులు రహస్యముగా నుండవలెనని శాసించుచున్నది.

అతడు చావు మాట ఎత్తుచున్నచో ఒంటరిగా విడువరాదు. ఇంటిలోని పురుగుమందు డబ్బాలను తాళము వేసిన చోట, లేదా పొరుగింట దాచుము. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ అను ప్రభుత్వ సేవ కలదు. 14416 సంఖ్యకు రాత్రియైనను, పగలైనను డబ్బు లేక ఫోను చేయవచ్చును. తెలుగులో మాట్లాడుదురు, ఊరు దాటి పోనక్కరలేదు.

చివరగా అత్తగారికి ఒక మాట. అమ్మా, నీ కొడుకు కడుపు పండవలెనని నీవు కోరుట తప్పు కాదు. కాని రక్తపోటు మాత్ర మాన్పించి ఎవరును బిడ్డను కోరరు కదా! ఇదియు అట్టిదే. నీ కోడలు అతని ప్రాణమునకు కావలి కూర్చున్నది. ఆమె నీకు శత్రువు కాదు. నెల్లూరికి పోవునాడు బస్సు ఖర్చునకు నీవే కొంగుముడి విప్పుము.

ఆ సోదరి మరల వ్రాయునని ఎదురు చూచుచుందుము. పేరు వ్రాయకున్నను చదివెదము.